గురువు గుర్తుపట్టిన బాణీ

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికలో ఎక్కడి అర్జెంటీనా, ఎక్కడి టాంగో అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. సంగీతకారుడి జీవితం రాయమన్నప్పుడు త్యాగయ్యనో, ఘంటసాలనో ఎంచుకోవడం తేలిక. కానీ వారి గురించి మనలో చాలామందికి నాకంటే ఎక్కువే తెలుసు. ఆస్తోర్ పియాజోలా పేరు మాత్రం ఇక్కడ విన్నవారు తక్కువ. ఆయన్ను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈయన జీవితం మధ్యలో ఒక పాఠం ఉంది. ముప్పై మూడేళ్ల శిష్యుడికి అరవై ఏడేళ్ల గురువు చెప్పిన పాఠం అది. ఆ పాఠం గురించి చదివాక ఈ మనిషి నన్ను వదల్లేదు.

ముందు టాంగో గురించి కొంచెం. 19వ శతాబ్దం చివర్లో రియో దె లా ప్లాతా నదికి ఇరువైపులా ఉన్న రేవు పట్టణాల్లో ఈ నృత్యం పుట్టింది. ఒక ఒడ్డున అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్, రెండో ఒడ్డున ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో. ఇటలీ, స్పెయిన్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి వచ్చినవాళ్లు, ఒకప్పుడు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతివాళ్లు, పల్లెల నుంచి వచ్చిన పశువుల కాపరులు, వీళ్లందరి పాటలూ అడుగులూ కలిసి టాంగో అయ్యాయి. మొదట్లో మర్యాదస్తుల ఇళ్లలో దాని పేరు ఎత్తేవారు కాదు. మన జావళీలకు ఒక కాలంలో పట్టిన గతి గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు. 1910 తర్వాత పారిస్ నగరం టాంగో మోజులో పడ్డాకే సొంత దేశంలోనూ దానికి కుర్చీ వేశారు.

ఆ సంగీతానికి ప్రాణం బ్యాండోనియన్ అనే వాద్యం. పాత సినిమా పాటల్లో మనం విన్న అకార్డియన్‌కు అది దగ్గరి చుట్టం. చూడ్డానికి చిన్న పెట్టె, మధ్యలో మడతలు మడతలుగా తిత్తి. రెండు చేతులతో సాగదీస్తూ, మూస్తూ వాయించాలి. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. బ్యాండోనియన్‌కు 71 మీటలుంటే, చాలా మీటలు తిత్తిని సాగదీసేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు మరో స్వరం పలుకుతాయి. అంటే కుడిచేతికి రెండు పటాలు, ఎడమచేతికి రెండు పటాలు, మొత్తం నాలుగు బట్టీ పట్టాలి. ఈ వాద్యం పుట్టిల్లు జర్మనీ. మన నాటక సమాజాలు యూరప్ నుంచి వచ్చిన హార్మోనియంను సొంతం చేసుకున్నట్టే అర్జెంటీనా వాళ్లు దీన్ని తమది చేసుకున్నారు.

పియాజోలా 1921 మార్చి 11న మార్ దెల్ ప్లాతా అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలకు చెందినవారు తల్లిదండ్రులు. ఒక్కడే బిడ్డ. పుట్టుకతోనే ఒక కాలు వంకర కావడంతో పసితనంలోనే పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. తండ్రి విసెంతే, తల్లి అసుంతా. 1925లో ఆ కుటుంబం బతుకుదెరువు కోసం న్యూయార్క్ వెళ్లింది. తండ్రి అక్కడ మంగలి దుకాణంలో పనిచేసేవారు. పిల్లవాడు వలసవాళ్ల పేటల్లో, వీధి దెబ్బలాటల మధ్య పెరిగాడు. కుంటికాలని ఎవరైనా వెక్కిరిస్తే ముందు చెయ్యి మాట్లాడేది.

ఇంట్లో సాయంత్రాలు తండ్రి గ్రామఫోన్ మీద టాంగో రికార్డులు పెట్టుకుని, వదిలొచ్చిన ఊరిని తలచుకునేవారు. అబ్బాయికి ఎనిమిదేళ్లప్పుడు తాకట్టు దుకాణంలో ఒక పాత బ్యాండోనియన్ కనబడితే ఇరవై డాలర్ల లోపు ధరకు కొని తెచ్చి చేతిలో పెట్టారు. మంగలి పనితో ఇల్లు గడుపుకొనే మనిషికి అది చిన్న మొత్తం కాదు. కొడుక్కేమో టాంగో మీద పెద్ద ఇష్టం లేదు. వాడికి న్యూయార్క్ జాజ్ కావాలి. ఆ తర్వాత పక్కింటి కిటికీలోంచి వినిపించిన బాహ్ సంగీతం కావాలి. పియానో వాయించే ఆ పక్కింటాయన పేరు బేలా విల్డా, హంగరీ దేశస్థుడు. బ్యాండోనియన్ వాయించడం ఆయనకు రాదు. అయినా బాహ్ రచనలను ఆ మీటల మీదికి మార్చి నేర్పించాడు. అసుంతమ్మ వండి పంపే ఇటాలియన్ వంటలు కూడా గురుదక్షిణలో భాగమేనట.

అదే న్యూయార్క్‌లో 1934లో ఇంకో మహానుభావుడు తటస్థపడ్డాడు. టాంగో పాటకు మారుపేరైన కార్లోస్ గార్దెల్ సినిమాల కోసం అక్కడికి వచ్చాడు. విసెంతే తాను చెక్కతో చెక్కిన బొమ్మనొకటి కొడుకు చేతికిచ్చి ఆయనకు కానుకగా పంపారు. ఇంగ్లీషు, స్పానిష్ రెండూ గలగలా మాట్లాడే ఆ కుర్రవాడు గార్దెల్‌కు నచ్చాడు. దుకాణాలకు వెళ్లేటప్పుడు దుబాసీగా తీసుకెళ్లేవాడు, ఒక సినిమాలో పేపర్లమ్మే కుర్రాడి వేషం కూడా ఇప్పించాడు. వాడి వాయిద్యం విని మాత్రం, టాంగోను పరాయి దేశస్థుడిలా వాయిస్తున్నావని నవ్వాడట. ఆ మరుసటి ఏడాది గార్దెల్ తన సంగీతయాత్రకు వాడిని వెంట రమ్మన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడిని పంపనని తండ్రి తెగేసి చెప్పారు. 1935 జూన్ 24న కొలంబియాలోని మెదెయీన్ విమానాశ్రయంలో జరిగిన ప్రమాదంలో గార్దెల్, ఆయన వెంట ఉన్న సంగీతకారుల్లో కొందరు చనిపోయారు. వద్దన్న తండ్రి మీద ఆ పిల్లవాడు ఎంత అలిగి ఉంటాడో, తర్వాత ఆ తండ్రికి ఎంత రుణపడ్డాడో మనం ఊహించుకోవచ్చు.

కుటుంబం అర్జెంటీనాకు తిరిగొచ్చింది. ఎల్వీనో వర్దారో బృందాన్ని రేడియోలో వినడంతో టాంగోను వేరేగా కూడా వాయించవచ్చని పియాజోలాకు తెలిసింది. పదిహేడేళ్లకు ఒంటరిగా బ్యూనస్ ఐరిస్ చేరారు. 1939లో ఆ కాలపు గొప్ప వాద్యబృందాల్లో ఒకటైన అనీబల్ ట్రోయిలో బృందంలో చోటు దొరికింది. ట్రోయిలో స్వయంగా గొప్ప బ్యాండోనియన్ విద్వాంసుడు. త్వరలోనే పాటలకు వాద్యసమ్మేళనం కూర్చే పని కూడా ఈ కుర్రవాడికి అప్పగించారు. అక్కడే చిక్కొచ్చింది. పియాజోలా రాసుకొచ్చిన స్వరాల్లో చాలా భాగాన్ని ట్రోయిలో రబ్బరు పెట్టి చెరిపేసేవారు. జనం నాట్యం చేయడానికి వచ్చారు, అడుగు తడబడితే ఎట్లా అన్నది ఆయన బాధ. న్యాయంగా చూస్తే ఆయన తప్పేమీ లేదు. టాంగో బృందానికి కూడు పెట్టేది నాట్యశాలే.

రాత్రంతా క్యాబరేల్లో వాయించడం, ఉదయాన్నే శాస్త్రీయ సంగీత పాఠానికి పరుగెత్తడం ఆయన దినచర్య. పియానో చక్రవర్తి ఆర్థర్ రూబిన్‌స్టైన్ బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నప్పుడు, పియాజోలా తన రచన ఒకటి పట్టుకుని నేరుగా ఆయన తలుపు తట్టారు. ఆ పరిచయం చివరికి అల్బెర్తో హినాస్తేరా దగ్గర శిష్యరికానికి దారితీసింది. హినాస్తేరా తర్వాతి కాలంలో అర్జెంటీనా ప్రముఖ స్వరకర్తల్లో ఒకరిగా పేరు పొందారు. 1941 నుంచి ఐదారేళ్లు అక్కడ నేర్చుకున్నారు. 1942లో దేదే వుల్ఫ్‌తో పెళ్లి, తర్వాత ఒక కూతురు, ఒక కొడుకు. 1944లో ట్రోయిలోను వదిలి, 1946లో సొంత బృందం పెట్టి, 1950 కల్లా దాన్నీ ఆపేశారు. తాను పుట్టింది సింఫనీలు రాయడానికని, టాంగో అన్నది పొట్టకూటి కోసం చేసిన పని అని ఆయనకు అప్పటికి గట్టిగా కుదిరిపోయింది. బ్యాండోనియన్‌ను దాదాపు పక్కన పెట్టేశారు.

1953లో ఆయన రాసిన బ్యూనస్ ఐరిస్ సింఫనీకి ఫాబియన్ సెవిట్‌స్కీ బహుమతి వచ్చింది. నగరంలోని న్యాయ కళాశాల సభామందిరంలో దాన్ని వాయించారు. ఆ సింఫనీలో రెండు బ్యాండోనియన్లకు చోటిచ్చారు. క్యాబరే వాద్యాన్ని వయొలిన్ల పక్కన కూర్చోబెడతారా అని కొందరు శ్రోతలు లేచారు. మెచ్చుకున్నవాళ్లు ఎదురు తిరిగారు. కచేరీ చివరికి ముష్టియుద్ధమైంది. దాంతోపాటే ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది, పారిస్‌లో ఏడాదిపాటు చదువుకోవడానికి. పిల్లలిద్దర్నీ తల్లిదండ్రుల దగ్గర వదిలి 1954లో భార్యాభర్తలు ఓడెక్కారు.

పారిస్‌లో గురువు నాదియా బులాంజే. అమెరికా నుంచి ఆరన్ కోప్లాండ్ వంటివారు ఆమె దగ్గరే నేర్చుకుని వెళ్లారు. కఠినురాలని, తప్పు స్వరాన్ని గోడ అవతలి నుంచి కూడా పట్టేస్తుందని పేరు. పియాజోలా అప్పటిదాకా రాసిన సింఫనీలు, సొనాటాలు కట్టలు కట్టి తీసుకెళ్లి ఆమె ముందు పెట్టారు. ఆమె ఓపికగా చూసింది. బాగా రాశావంది. ఇక్కడ స్ట్రావిన్‌స్కీ కనబడుతున్నాడు, ఇక్కడ బార్తోక్, ఇక్కడ రావెల్, నువ్వు మాత్రం ఎక్కడా కనబడటం లేదంది. తర్వాత ఆయన బతుకు గురించి ఆరా తీసింది. ఎక్కడ వాయించేవాడివి, ఏం వాద్యం, ఎవరితో తిరిగేవాడివి అని. పియాజోలా నీళ్లు నమిలారు. టాంగో వాయించేవాణ్ణని, క్యాబరేల్లో పనిచేశానని చెప్పడానికి ఆయనకు సిగ్గు. బ్యాండోనియన్ పేరెత్తితే ఈవిడ నన్ను నాలుగో అంతస్తు నుంచి కిందికి తోసేస్తుందనుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. చివరికి నిజం ఒప్పుకోక తప్పలేదు. అయితే నీ టాంగో ఒకటి వినిపించమంది. పియానో దగ్గర కూర్చుని త్రియున్‌ఫాల్ అనే తన పాత టాంగో మొదలుపెట్టారు. కొన్ని వరుసలు కాగానే ఆమె ఆయన చేతులు పట్టుకుని ఆపింది. ఇదే పియాజోలా, దీన్ని ఎప్పుడూ వదలకు అంది.

పదేళ్లుగా రాసిన కట్టలన్నీ ఆ క్షణాన పనికిరానివయ్యాయని ఆయన చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆ మాట పూర్తిగా నిజమనిపించదు. ఆ కట్టల్లోని చదువే లేకపోతే తర్వాతి టాంగో రాదు. బులాంజే కూడా ఆయన్ను ఇక టాంగో రాసుకొమ్మని ఇంటికి పంపేయలేదు. ఆ తర్వాత నెలల తరబడి నాలుగు గొంతుల కౌంటర్‌పాయింట్ అభ్యాసాలు చేయించింది. అంటే ఒకేసారి నాలుగు బాణీలు వేర్వేరుగా నడుస్తూ ఒకదానికొకటి అడ్డుపడకుండా కూర్చే విద్య. ఆమె చేసిందల్లా ఆ విద్యను ఎక్కడ వాడుకోవాలో చూపించడం. ఈ సంచిక చదివే మా ఉపాధ్యాయులు ఈ తేడా నాకంటే బాగా ఎరుగుదురు. తనలాంటి శిష్యుణ్ణి తయారుచేసే గురువులు చాలామందే ఉంటారు. శిష్యుడు సిగ్గుపడి దాచుకున్నదాన్ని బయటికి తీయించి, అది నీ ఆస్తి అని చెప్పేవారు అరుదు.

1955లో తిరిగొచ్చి ఆక్తెతో బ్యూనస్ ఐరిస్ అనే ఎనిమిది మంది బృందం కట్టారు. రెండు బ్యాండోనియన్లు, రెండు వయొలిన్లు, చెలో, డబుల్ బాస్, పియానో, వీటికి తోడు ఎలక్ట్రిక్ గిటార్. టాంగోలో ఎలక్ట్రిక్ గిటార్ అంటే త్యాగరాజ ఆరాధనలో డ్రమ్ సెట్ పెట్టినంత పని. ఈ బృందం నాట్యానికి వాయించదని, వినడానికే వాయిస్తుందని ప్రకటించారు. ట్రోయిలో చెరిపేసిన స్వరాలన్నీ ఇప్పుడు తిరిగొచ్చాయి.

ఆయన చేసిన మార్పు తాళంలో బాగా తెలుస్తుంది. నాట్యానికి వాయించే టాంగోలో నాలుగు దెబ్బలు సమానంగా, అడుగు వేయడానికి వీలుగా పడతాయి. పియాజోలా అదే కొలతను ఎనిమిదిగా చేసి, మూడు, మూడు, రెండుగా విడగొట్టారు. మృదంగం తెలిసినవారు తకిట తకిట తక అని నోటితో వేసుకుంటూ పోతే ఆయన రచనలు సగం అర్థమైపోతాయి. ఈ లెక్క ఆయన కనిపెట్టింది కాదు. పాత మిలోంగా పాటల్లో ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని పైకి తెచ్చి, దాని మీద బాహ్ పద్ధతిలో ఒక బాణీని మరో బాణీ తరుముతూ వచ్చే ఫ్యూగ్‌లను నడిపించారు. జాజ్ నుంచి స్వరాల గుత్తులను తీసుకున్నారు. చిన్నప్పుడు న్యూయార్క్‌లో విన్నవి, విల్డా నేర్పినవి, హినాస్తేరా, బులాంజే దిద్దినవి అన్నీ చివరికి తండ్రి గ్రామఫోన్ దగ్గరికే చేరాయి.

దేశం ఆయన్ను దండలతో స్వాగతించలేదు. రేడియోలు, రికార్డు కంపెనీలు మొహం చాటేశాయి. ఇది టాంగోయే కాదని పత్రికలు దండెత్తాయి. బెదిరింపులు వచ్చాయి. ఆయన్ను గుర్తుపట్టిన టాక్సీ డ్రైవర్లు బండి ఎక్కించుకోనన్న సందర్భాలూ ఉన్నాయట. ఒక నాట్యసంగీతం గురించి టాక్సీ డ్రైవర్లు అంత పట్టింపుగా ఉన్నారంటే ఆ సంగీతం ఆ ఊరికి ఏమిటో అర్థమవుతుంది. ఈయన కూడా తక్కువ తినలేదు. నోటి దురుసు ఎక్కువ, పెద్దా చిన్నా లేకుండా మాట విసిరేవారు. సెలవు దొరికితే సముద్రంలోకి వెళ్లి సొరచేపలు పట్టేవారు. సొరను లాగలేనినాడు బ్యాండోనియన్ కూడా వాయించలేనని ఆయన నమ్మకం. మిగతావాళ్లు కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయించే వాద్యాన్ని ఈయన నిలబడి, ఒక కాలు పీట మీద పెట్టి, ఆ తొడ మీద ఆనించి వాయించేవారు.

1958లో విసిగి మళ్లీ న్యూయార్క్ వెళ్లారు. అక్కడ జాజ్‌తో కలిపి చేసిన టాంగో ఎవరికీ పట్టలేదు. 1959 అక్టోబరులో ప్యూర్టోరికోలో కచేరీలు చేస్తుండగా తండ్రి పోయారని కబురు వచ్చింది. న్యూయార్క్ తిరిగొచ్చి, తనను కాసేపు ఒంటరిగా వదలమని ఇంట్లోవాళ్లకు చెప్పి గది తలుపు వేసుకున్నారు. అరగంటలో అదియోస్ నోనినో రాశారు. ఇటాలియన్‌లో తాతను నోన్నో అంటారు, ముద్దుగా నోనినో. పియాజోలా పిల్లలు విసెంతేను పిలిచే పిలుపు అది. సెలవు తాతయ్యా అని ఆ పేరుకు అర్థం. పారిస్‌లో ఉన్నప్పుడే తండ్రి పేర నోనినో అని ఒక హుషారైన టాంగో రాసి ఉన్నారు. దాని లయను ఉంచి, మధ్యలో నిదానంగా సాగే కొత్త బాణీ చేర్చారు. ఆ నిదానపు భాగం విన్నవాళ్లకు భాష, దేశం అడ్డం రావు. అంతకంటే మంచి రచన తాను చేయలేదని, ప్రయత్నించినా కుదరలేదని ఆయనే అనేవారు.

1960లో స్వదేశం వచ్చి బ్యాండోనియన్, వయొలిన్, పియానో, ఎలక్ట్రిక్ గిటార్, డబుల్ బాస్‌లతో ఐదుగురి బృందం కట్టారు. పియాజోలా అంటే ఈ ఐదుగురే అనేంతగా ఆ కూర్పు నిలిచిపోయింది. ఆ దశాబ్దంలో ఆయన రాసింది చాలా ఉంది. బోర్హెస్ కవితలకు బాణీలు, బ్యూనస్ ఐరిస్ నగరపు నాలుగు ఋతువుల మీద నాలుగు టాంగోలు, కవి ఒరాసియో ఫెర్రేర్‌తో కలిసి 1968లో మరియా దె బ్యూనస్ ఐరిస్ అనే సంగీత నాటకం. 1969లో ఒక పాటల పోటీలో వీళ్లిద్దరి పిచ్చివాడి పాటకు సభలో ఒకవైపు చప్పట్లు, మరోవైపు చిల్లర నాణేల వర్షం. న్యాయనిర్ణేతలు రెండో బహుమతితో సరిపెట్టారు. వీధుల్లో జనం పాడుకున్నది మాత్రం ఆ పాటనే.

ఇంతా చేసి ఆయన మూల్యం చెల్లించలేదనుకోకూడదు. 1966లో దేదేతో సంసారం విడిపోయింది. 1973లో గుండెపోటు వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీలో ఉంటూ లిబెర్‌తాంగో రాశారు. ప్రకటనల్లో, నృత్య పోటీల్లో, సెల్‌ఫోన్ మోతల్లో ఈ బాణీని మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. 1975లో ట్రోయిలో చనిపోయినప్పుడు, రబ్బరుతో చెరిపిన ఆ పాత యజమాని కోసం నాలుగు భాగాల రచన చేసి తన బాకీ తీర్చుకున్నారు. 1983లో బ్యూనస్ ఐరిస్‌లోని కొలోన్ ఒపేరా భవనంలో తన రచనలతోనే కచేరీ ఇచ్చారు. కుర్రతనంలో రాత్రి క్యాబరే ముగించుకుని, సింఫనీ సాధన వినడానికి ఆయన వచ్చి కూర్చున్న భవనం అదే. 1985లో నగరం ఆయన్ను విశిష్ట పౌరుడిగా గౌరవించింది. టాక్సీలు అప్పటికి ఎక్కించుకుంటున్నాయనే అనుకోవాలి.

1990 ఆగస్టులో పారిస్‌లోనే మెదడులో రక్తస్రావమై పడిపోయారు. మళ్లీ కోలుకోలేదు. 1992 జులై 4న బ్యూనస్ ఐరిస్‌లో కన్నుమూశారు. పుట్టిన ఊరి విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే. గిడాన్ క్రేమర్, యో-యో మా లాంటి శాస్త్రీయ విద్వాంసులు ఆయన రచనలతోనే రికార్డులు చేశారు.

2002 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ చర్చిలో నెదర్లాండ్స్ యువరాజు పెళ్లి జరిగింది. పెళ్లికూతురు మాక్సిమా అర్జెంటీనా అమ్మాయి. ఆమె తండ్రి ఒకప్పటి సైనిక ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నందువల్ల కూతురి పెళ్లికి రాలేకపోయారు. బ్యాండోనియన్ మీద అదియోస్ నోనినో మొదలయ్యేసరికి ఆమె కళ్లు తుడుచుకోవడం టీవీల ముందున్న వాళ్లంతా చూశారు.